పాత పాటల స్టేషన్ హెచ్‌డీ2లోకి మారితే: అమెరికాలో పెద్దవాళ్లకు ఏ రేడియో దారి కుదురుతుంది?

1965 వలస చట్టం తర్వాత అమెరికా వచ్చిన మొదటి తరం తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు ఇప్పుడు డెబ్బై దాటి ఎనభైల్లోకి వెళ్తున్నారు. ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ వస్తూ కారు రేడియోలో విన్న అరవైల, డెబ్బైల ఇంగ్లిష్ పాటలంటే వాళ్లలో చాలామందికి ప్రాణం. ఆ పాటలు వేసే స్టేషన్‌లో ఒక రోజు ఉన్నట్టుండి వేరే పాటలు మొదలవుతాయి. "మన స్టేషన్ ఏమైందిరా, కాస్త చూసి పెట్టు" అని కొడుకునో మనవరాలినో అడుగుతారు. వెతికితే అది అదే టవర్ నుంచి హెచ్‌డీ2 అనే పేరుతో, అంటే హెచ్‌డీ రేడియోకే పడే అదనపు డిజిటల్ ఛానల్‌గా వస్తూ ఉండొచ్చు, వేరే ఫ్రీక్వెన్సీలో చిన్న పవర్‌తో ఉండొచ్చు, ఇంటర్నెట్‌లో మాత్రమే మిగిలి ఉండొచ్చు. ఈ దారుల్లో ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ డబ్బు వృథా అవుతుందో వివరంగా చూద్దాం.

ఒక్క మాట ముందే చెప్పాలి. కొత్త రేడియో కొనడం ఈ వరుసలో చివరి మెట్టు. ముందు ఉన్న కారులో, ఉన్న ఫోన్‌లో పరీక్షించి చూసినవాళ్లకు కొనాల్సిన అవసరమే చాలాసార్లు రాదు.

స్టేషన్ ఎందుకు కదిలింది

రేడియో ప్రకటనల ధర ఎక్కువగా 25 నుంచి 54 ఏళ్ల శ్రోతల లెక్క మీద తేలుతుంది. 55 దాటిన మనిషి రోజంతా అదే స్టేషన్ పెట్టుకుని కూర్చున్నా ఆ లెక్కలోకి రాడు. 1964లో పద్దెనిమిదేళ్లున్న శ్రోతకు 2000లో 54 నిండాయి. అరవైల పాటలను నమ్ముకున్న స్టేషన్లకు గడ్డురోజులు సరిగ్గా అక్కడి నుంచే మొదలయ్యాయి. న్యూయార్క్‌లో 101.1 మీద 1972 నుంచి ఓల్డీస్ వేస్తున్న డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 2005 జూన్ 3న వాటిని ఆపేసి, రకరకాల దశాబ్దాల పాటలు కలిపి వేసే జాక్ అనే కొత్త పద్ధతికి మారింది. అదే రోజు షికాగోలో డబ్ల్యూజేఎంకే కూడా మారింది. న్యూయార్క్ శ్రోతలు ఊరుకోలేదు. 2007 జూలై 12న 101.1లో పాత పాటలు తిరిగి వచ్చాయి, జాక్ హెచ్‌డీ2లోకి వెళ్లింది. అయితే తిరిగొచ్చిన స్టేషన్‌లో 1964కు ముందు పాటలు బాగా తగ్గిపోయాయి. ఇప్పుడు క్లాసిక్ హిట్స్ అని చెప్పుకునే ఎఫ్‌ఎం స్టేషన్లలో వినిపించేది ఎక్కువగా ఎనభైలు, తొంభైలే.

అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు ఒక గంట విని ఏ దశాబ్దం పాటలు వస్తున్నాయో రాసుకోండి. ఓల్డీస్ అన్న పేరు చూసి పెట్టేస్తే నాన్నగారికి కావలసింది 1962 అయితే స్టేషన్ వేసేది 1984 కావచ్చు.

హెచ్‌డీ2లో పాత పాటలు బతకడానికి డబ్బు లెక్క ఒకటి ఉంది. అమెరికాలో గాలిలో ప్రసారమయ్యే రేడియో, పాట రాసినవాళ్ల తరఫు సంస్థలకు రుసుము కడుతుంది గానీ, పాడినవాళ్లకూ రికార్డు కంపెనీలకూ కట్టాల్సిన పని లేదు. ఇంటర్నెట్ స్ట్రీమ్ అయితే వాళ్లకూ కట్టాలి, అదీ సాధారణంగా వినే మనిషికింత, పాటకింత అని. 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయిన పాటలకు ఈ విషయంలో చాలాకాలం గందరగోళం ఉండేది. 2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం వాటినీ డిజిటల్ రుసుము కిందికి తెచ్చింది. కాబట్టి హెచ్‌డీ2ను పదిమంది విన్నా పదివేలమంది విన్నా స్టేషన్‌కు ఖర్చు ఒకటే. స్ట్రీమ్ అలా కాదు, శ్రోతలు పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. చిన్న స్టేషన్లు కొన్ని స్ట్రీమ్‌ను ఆపేసి గాలి ప్రసారం మాత్రం ఉంచుకోవడానికి ఇదొక కారణం.

ఖర్చు తక్కువ కాబట్టే హెచ్‌డీ2ను పెట్టడం ఎంత తేలికో తీసేయడమూ అంతే తేలిక. యజమాని మారినా, ఆ ఛానల్‌ను ఎవరైనా అద్దెకు అడిగినా ముందు కదిలేది పాత పాటలే. అందుకని హెచ్‌డీ2 ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండో దారి ఒకటి సిద్ధంగా ఉంచుకోమని గట్టిగా చెబుతాం.

హెచ్‌డీ2 అసలు ఎలా పనిచేస్తుంది

అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2002లో ఒప్పుకున్న పద్ధతి ఇది. మామూలు ఎఫ్‌ఎం సిగ్నల్‌కు రెండు పక్కలా, మధ్య నుంచి సుమారు 129 నుంచి 198 కిలోహెర్ట్జ్ దూరంలో, డిజిటల్ సిగ్నల్ పట్టీలు వేలాడుతుంటాయి. మామూలుగా నడిపే స్టేషన్‌కు మొత్తం సెకనుకు 96 కిలోబిట్ల (డిజిటల్ సమాచారం కొలత) దాకా చోటు దొరుకుతుంది. అందులో సగం మెయిన్ కార్యక్రమానికి పోతే మిగతాది హెచ్‌డీ2, హెచ్‌డీ3 పంచుకుంటాయి. మూడో ఛానల్ కూడా నడిపే స్టేషన్‌లో పాత పాటలకు దక్కేది 24 నుంచి 32 కిలోబిట్లే కావచ్చు.

పవర్ సంగతి దీనికంటే ముఖ్యం. మొదట్లో డిజిటల్ భాగానికి అనలాగ్ (మామూలు ఎఫ్‌ఎం) పవర్‌లో 1 శాతమే అనుమతి ఉండేది. 2010లో ఎఫ్‌సీసీ దాన్ని చాలా స్టేషన్లకు 4 శాతం దాకా, పక్క స్టేషన్లకు ఇబ్బంది లేని చోట 10 శాతం దాకా పెంచుకోనిచ్చింది. అంటే 50,000 వాట్ల స్టేషన్‌లో డిజిటల్ భాగం 500 వాట్లే ఉండొచ్చు, 5,000 వాట్లూ ఉండొచ్చు. ఊళ్లో ఒక స్టేషన్ హెచ్‌డీ2 బాగా వచ్చి ఇంకోదానిది రాకపోతే తప్పు మీ రేడియోదే అనుకోనక్కర్లేదు.

ఇంకో తేడా ఉంది. డిజిటల్ సిగ్నల్ జారిపోతే మెయిన్ కార్యక్రమం చప్పుడు చేయకుండా అనలాగ్‌లోకి మారిపోతుంది, వినేవాళ్లకు తెలియను కూడా తెలియదు. హెచ్‌డీ2కి వెనక ఆసరా ఏమీ లేదు. సిగ్నల్ పోతే గరగర కూడా ఉండదు, ఒక్కసారిగా నిశ్శబ్దం. పెద్దవాళ్లు దీన్ని రేడియో చెడిపోవడం అనుకుని బటన్లన్నీ నొక్కేస్తారు. "కొన్ని సెకన్లు ఆగితే తనే వస్తుంది, ఏమీ ముట్టుకోవద్దు" అని ముందే చెప్పి ఉంచాలి.

ముందు ట్రాన్స్‌లేటర్ ఉందేమో చూడండి

హెచ్‌డీ2 కార్యక్రమాన్ని మామూలు ఎఫ్‌ఎం ఫ్రీక్వెన్సీలో మళ్లీ ప్రసారం చేసే చిన్న ట్రాన్స్‌మిటర్‌ను ట్రాన్స్‌లేటర్ అంటారు. గరిష్ఠంగా 250 వాట్లు. స్టేషన్ చెప్పుకునే ఫ్రీక్వెన్సీ తరచుగా ట్రాన్స్‌లేటర్‌దే అయి ఉంటుంది, అసలు హెచ్‌డీ2 దాని వెనక పేరుకు మాత్రం నడుస్తుంటుంది. స్టేషన్ వెబ్‌సైట్ అడుగు భాగంలో రెండు ఫ్రీక్వెన్సీలు, W గానీ K గానీ మొదట ఉండి మధ్యలో మూడంకెలున్న కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) కనిపిస్తే అదే ట్రాన్స్‌లేటర్. రేడియో లొకేటర్ వెబ్‌సైట్లో దాని కవరేజీ మ్యాపు దొరుకుతుంది.

మీ ఇల్లు ఆ మ్యాపులో లోపలి గీతకు లోపల ఉంటే ఇక వెతకడం ఆపేయండి. వంటింట్లో ఉన్న పాత రేడియో చాలు. యాంటెనా ఎత్తును బట్టి ఇది పది, పదిహేను కిలోమీటర్లు బాగా వస్తుంది. ఆ తర్వాత వేగంగా తగ్గిపోతుంది. దీనికున్న బలహీనత చట్టంలోనే ఉంది: ట్రాన్స్‌లేటర్‌కు రెండో తరగతి హోదా మాత్రమే. పెద్ద స్టేషన్‌కు అడ్డం వస్తోందని ఫిర్యాదు నిలిస్తే ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి, కుదరకపోతే మూసుకోవాలి.

కారులో హెచ్‌డీ2

హెచ్‌డీ2 నిజంగా సుఖపడేది కారులోనే. యాంటెనా బయట ఉంటుంది, చుట్టూ గోడలుండవు, గత పదేళ్లలో వచ్చిన కార్లలో చాలావాటికి ఈ రేడియో ముందే ఉంటుంది. చౌక మోడళ్లలో మాత్రం ఉండకపోవచ్చు. తెర మీద హెచ్‌డీ గుర్తు ఎక్కడా కనిపించకపోతే సెట్టింగుల్లో రేడియో భాగంలోకి వెళ్లి అది ఆఫ్ చేసి ఉందేమో చూడండి. అనలాగ్‌కీ డిజిటల్‌కీ సమయం సరిగా కలపని స్టేషన్లలో మాట రెండుసార్లు వినిపించినట్టు ఉంటుంది. ఆ చికాకుతో చాలామంది దాన్ని ఎప్పుడో ఆపేసి మరిచిపోతారు.

పెట్టే పద్ధతి ఇది. మెయిన్ స్టేషన్ ఫ్రీక్వెన్సీ పెట్టి హెచ్‌డీ గుర్తు నిండుగా వెలిగేదాకా కదలకుండా ఆగాలి. తర్వాత ట్యూన్ నాబ్‌ను ఒక్క మెట్టు పైకి తిప్పాలి, లేదా తెర మీద 2 అన్న అంకె నొక్కాలి. కొన్ని సెకన్ల నిశ్శబ్దం తర్వాత పాట వస్తుంది. పాట వినిపిస్తుండగానే ప్రీసెట్ బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు సేవ్ చేస్తే కొన్ని రేడియోలు మెయిన్ స్టేషన్‌నే గుర్తుపెట్టుకుంటాయి. కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేసి ఆ ప్రీసెట్ నొక్కి హెచ్‌డీ2కే వెళ్తోందో లేదో చూసుకుంటే పని పూర్తయినట్టు.

వంతెనల కింద, ఎత్తయిన భవనాల మధ్య ఆగిపోతుంది, అది సహజం. ఊరు దాటేటప్పుడు అనలాగ్ ఇంకా శుభ్రంగా వస్తుండగానే హెచ్‌డీ2 తెగిపోతుంది. అదీ సహజమే. ఊరి మధ్యలోనే పదేపదే తెగుతుంటే యాంటెనా కడ్డీ వదులైందేమో, కార్ వాష్‌లో విప్పి మళ్లీ పెట్టలేదేమో, అద్దానికి లోహం కలిసిన ఫిల్మ్ అంటించారేమో చూడాలి.

ఇంట్లో హెచ్‌డీ2: కొనే ముందు, కొన్న తర్వాత

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. హెచ్‌డీ రేడియో ఉన్న కారును ఇంటి ముందు ఆపి అరగంట హెచ్‌డీ2 వినండి. అక్కడే తెగుతుంటే ఇంట్లో బల్ల మీద పెట్టిన రేడియోకి అది రాదు. అరగంటలో ఒక్కసారీ తెగకపోతే కిటికీ పక్కన రావడానికి మంచి అవకాశం ఉంది.

ఇంటికి దొరికే హెచ్‌డీ రేడియోలు కొద్దిగానే ఉన్నాయి. సాంజియన్ కంపెనీవి ఎక్కువగా కనిపిస్తాయి. ధర సుమారు 80 నుంచి 200 డాలర్ల మధ్య. ధర కంటే ముందు చూడాల్సినవి నాలుగు. బయటి యాంటెనా తగిలించే సాకెట్ ఉందా? ప్రీసెట్‌లో హెచ్‌డీ2 విడిగా సేవ్ అవుతుందా? కరెంటు పోయి వచ్చాక అదే స్టేషన్‌కు తనంతట తాను వస్తుందా? వాల్యూమ్‌కు తిప్పే నాబ్ ఉందా? సాకెట్ లేని చిన్న రేడియోకి తీగ యాంటెనాయే దిక్కు, ఊరి శివార్లలో అది సరిపోదు. సోనీ 2008లో తెచ్చిన ఎక్స్‌డీఆర్-ఎఫ్1హెచ్‌డీ సిగ్నల్ పట్టడంలో ఎంతో మంచి పేరు తెచ్చుకుంది, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. కానీ దానికి స్పీకరు లేదు, బాగా వేడెక్కుతుంది. పెద్దవాళ్ల ఇంటికి వద్దు.

కంప్యూటర్ పని తెలిసిన పిల్లలుంటే కంప్యూటర్‌ను రేడియోగా మార్చే 30, 40 డాలర్ల ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ యూఎస్‌బీ ముక్క, ఎన్ఆర్ఎస్‌సీ5 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కలిపి హెచ్‌డీ ఛానళ్లు వినొచ్చు. ఇందులో అంకెలు సున్నా నుంచి మొదలవుతాయి, హెచ్‌డీ2 కావాలంటే 1 ఇవ్వాలి. సిగ్నల్ ఉందో లేదో ఇంట్లో గదిగదికీ తిరిగి తేల్చుకోవడానికి ఇది చాలా బాగుంటుంది. రోజువారీ వినడానికి మాత్రం పెద్దవాళ్ల చేతిలో పెట్టే వస్తువు కాదు.

యాంటెనా మీద పెట్టే పది డాలర్లు రేడియో మీద పెట్టే వందకంటే ఎక్కువ పని చేస్తాయి. ఎఫ్‌ఎం బ్యాండు మధ్యలో పావు తరంగదైర్ఘ్యం 75 సెంటీమీటర్లు. చేతులు రెండూ అంత పొడవున్న, అంటే మొత్తం మీటరున్నర డైపోల్ తీగను అడ్డంగా చాపి, దాని వెడల్పు వైపు టవర్‌కు ఎదురుగా ఉండేలా పెట్టాలి. టవర్ వైపున్న కిటికీ దగ్గర మొదలుపెట్టి అర మీటరు చొప్పున జరుపుతూ చూడాలి. డిజిటల్‌లో కొద్ది జరుపుడుకే ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు మారిపోతుంది. ప్రతి చోటా పది సెకన్లు ఆగాలి, ఎందుకంటే రేడియో మళ్లీ పట్టుకోవడానికి అంత సమయం తీసుకోవచ్చు. గోడ ప్లాస్టర్ లోపల ఇనుప జాలీ ఉన్న ఇళ్లలో, లోహపు పూత ఉన్న కొత్త కిటికీ అద్దాల వెనక సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. అలాంటి ఇంట్లో అటకే మేలు. అక్కడి నుంచి ఆర్‌జీ6 అనే యాంటెనా కేబుల్ కిందికి లాగాలి.

ఇంటిపైన పాత టీవీ యాంటెనా ఉంటే దాన్నే పంచుకోవచ్చు. కానీ టీవీ ఆంప్లిఫయర్లు చాలావాటిలో ఎఫ్‌ఎంను అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది. చిన్న స్విచ్ ఉంటే దాన్ని ఆఫ్ చేయాలి, లేకపోతే ఆ ఆంప్లిఫయర్‌కు ముందే స్ప్లిటర్ పెట్టాలి. టవర్లకు దగ్గరున్న ఇంట్లో ఎఫ్‌ఎంకు ఆంప్లిఫయర్ అసలు పెట్టొద్దు. సిగ్నల్ ఎక్కువై రేడియో ఉక్కిరిబిక్కిరవుతుంది, హెచ్‌డీ గుర్తు రావడమే మానేస్తుంది.

లక్షణం చూసి కారణం పట్టుకోవచ్చు. గుర్తు మినుకుమినుకుమంటూ హెచ్‌డీ2 వస్తూ పోతూ ఉంటే సిగ్నల్ బలహీనం, యాంటెనా సరిచేయాలి. అనలాగ్ గట్టిగా వస్తూ గుర్తు ఎప్పటికీ రాకపోతే మూడు కారణాలుండొచ్చు: స్టేషన్ హెచ్‌డీ ఆపేసింది, సిగ్నల్ మరీ ఎక్కువైంది, లేదా 0.2 మెగాహెర్ట్జ్ పక్కన బలమైన స్టేషన్ కూర్చుంది. మూడోదైతే యాంటెనాను తిప్పి చూడండి. రెండు పక్కల డిజిటల్ పట్టీల్లో ఒకే సమాచారం ఉంటుంది కాబట్టి ఒక పక్క దెబ్బతిన్నా రెండోది శుభ్రంగా ఉంటే చాలు. వేసవి ఉదయాల్లో మాత్రమే తెగితే దూరపు ఊళ్ల సిగ్నళ్లు వాతావరణం వల్ల వచ్చి పడుతున్నట్టు, ఎండెక్కాక సర్దుకుంటుంది. దీపాలు వేశాకే తెగితే ఎల్‌ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆర్పి చూడండి. పాట పేరు తెర మీద కనిపిస్తూ శబ్దం లేకపోతే లోపం మీ ఇంట్లో లేదు, స్టేషన్ దగ్గరే ఉంది.

ఏఎం, 87.7

చిన్న ఊళ్లలో ఏఎం స్టేషన్లు ఇప్పటికీ అసలైన యాభైలు, అరవైలు వేస్తున్నాయి, చాలావాటికి ఎఫ్‌ఎం ట్రాన్స్‌లేటరూ ఉంది. ఏఎంకు ఇంట్లో శత్రువులు ఫోన్ చార్జర్లు, ఎల్‌ఈడీలు. రేడియోను వాటికి రెండు మీటర్లు దూరంగా పెట్టి, పెట్టెను అటూ ఇటూ తిప్పితే మోత తగ్గే దిక్కు ఒకటి దొరుకుతుంది. ఎలక్ట్రిక్ కార్లు కొన్నింటిలో ఏఎం ఉండదు, కొనేముందు అడగండి.

షికాగోలో వీగెల్ సంస్థ 2015లో 87.7 మీద మీటీవీ ఎఫ్‌ఎం మొదలుపెట్టింది. మెత్తని పాత పాటలు, లోతైన ఎంపిక. అది నిజానికి టీవీ ఆరో ఛానల్ ధ్వని. ఇలాంటి స్టేషన్లు ఉన్నవి కొనసాగేలా ఎఫ్‌సీసీ 2023లో నియమం చేసింది. ఎఫ్‌ఎం డయల్ అట్టడుగున ఉంటుంది కాబట్టి చాలా మామూలు రేడియోల్లో పడుతుంది.

ఉపగ్రహ రేడియో

సిరియస్ ఎక్స్ఎంలో దశాబ్దానికొక ఛానల్ ఉంది, ప్రకటనల బెడద లేదు, ఊరు దాటినా రాష్ట్రం దాటినా అదే పాట సాగుతుంది. ఇంటర్‌స్టేట్ మీద వందల మైళ్లు తిరిగేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఇంట్లో పెట్టాలంటే యాంటెనాకు దక్షిణం వైపు ఆకాశం కనిపించాలి. ఉత్తరం ముఖంగా ఉన్న అపార్ట్‌మెంట్లో ఉపగ్రహం కోసం కుస్తీ పట్టకుండా యాప్ వాడుకోండి.

చిక్కు బిల్లులో ఉంది. మొదటి కొన్ని నెలల తగ్గింపు ధర అయిపోయాక చందా తనంతట తానే పూర్తి ధరకు మారుతుంది. తల్లిదండ్రుల పేరు మీద తీసుకుంటే గడువు తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లో వారం ముందుకు పెట్టుకుని ఫోన్ చేసి ధర మాట్లాడండి. కారు అమ్మేసినప్పుడు ఆ చందా రద్దు చేయడం మరవద్దు, రేడియో పోయినా బిల్లు పోదు.

ఇంటర్నెట్ స్ట్రీమ్

ఇంట్లో వినడానికి, ముఖ్యంగా టవర్‌కు దూరంగా ఉన్నవాళ్లకు, స్ట్రీమ్ మంచి దారి. 128 కిలోబిట్ల స్ట్రీమ్ గంటకు 58 ఎంబీ తింటుంది. రోజుకు నాలుగు గంటలు వింటే నెలకు 7 జీబీ. వైఫై ఉంటే ఇది లెక్క కాదు. ఫోన్ డేటా మీద ఆధారపడే పెద్దవాళ్లకు మాత్రం 64 కిలోబిట్లది వెతికితే సగమే అవుతుంది.

స్మార్ట్ స్పీకర్‌తో వచ్చే ఇబ్బంది పేర్లు. "ఓల్డీస్ పెట్టు" అంటే రోజుకో స్టేషన్ పెడుతుంది. అక్షరం అక్షరం విడదీసి కాల్ సైన్ చెప్పడం, లేదా యాప్‌లో రొటీన్ ఒకటి తయారుచేసి "మార్నింగ్ సాంగ్స్" లాంటి చిన్న మాటకు కట్టడం మంచిది. మన ఉచ్చారణకు తప్పకుండా పలికే మాటలు ఎంచుకుని, వాళ్ల నోటితోనే పలికించి చూడండి. పెద్ద కంపెనీల స్టేషన్లు కొన్ని వాటి సొంత యాప్‌లోనే దొరుకుతాయి. మీ స్పీకర్‌లో ఆ యాప్ ఉందో లేదో ముందు చూసుకోవాలి.

వైఫై రేడియో పెట్టె కొంటే ఒక జాగ్రత్త. ఈ పెట్టెలు స్టేషన్ల జాబితా కోసం ఏదో ఒక కంపెనీ సర్వర్ మీద ఆధారపడతాయి. రెసీవా అనే సేవ 2021లో మూతపడినప్పుడు దాని మీద నడిచే ఎన్నో బ్రాండ్ల రేడియోలు బాగున్న స్థితిలోనే మూగబోయాయి. స్టేషన్ లింకును నేరుగా ఎక్కించుకోగలిగేది, కనీసం బ్లూటూత్ స్పీకర్‌గా పనికొచ్చేది తీసుకోండి.

చెవులు, చేతులు

వయసుతో ముందు తగ్గేది పైస్థాయి ధ్వనులు వినే శక్తి. తక్కువ కిలోబిట్లలో వచ్చే హెచ్‌డీ2లో ఆ పైస్థాయి భాగాన్ని రేడియో పాక్షికంగా తనే ఊహించి నింపుతుంది. తాళాల మీద, స, శ లాంటి అక్షరాల మీద సిరసిరమనే శబ్దం వస్తుంది. వినికిడి తగ్గినవాళ్లకు అది తెలియదు. కానీ హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే ఆ భాగాన్నే యంత్రం పెంచి చూపిస్తుంది, చెవికి గరుకుగా తగులుతుంది. ట్రెబుల్ రెండు మెట్లు తగ్గించండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే హెచ్‌డీ2 వదిలేసి ఫోన్ నుంచి నేరుగా హియరింగ్ ఎయిడ్‌కు బ్లూటూత్‌లో స్ట్రీమ్ పంపడమే ఉత్తమం. గదిలో ప్రతిధ్వని కూడా తప్పుతుంది, పక్కవాళ్లకు గోల ఉండదు.

చేతులు వణికేవాళ్లకు, మరుపు మొదలైనవాళ్లకు తెర ఉన్న వస్తువు వద్దు. ప్రీసెట్లు ఒకటి నుంచి ఆరు దాకా అన్నింటిలో అదే స్టేషన్ సేవ్ చేస్తే ఏది నొక్కినా ఒకే పాట వస్తుంది. రోజూ ఒకే సమయానికి మోగాలని టైమర్ ప్లగ్ పెట్టాలనుకుంటే ముందు రేడియో ప్లగ్ పీకి మళ్లీ పెట్టి చూడండి. డిజిటల్ రేడియోలు చాలావరకు స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి, టైమర్ పనిచేయదు. టక్కుమనే పాత స్విచ్ ఉన్న ఎఫ్‌ఎం రేడియో అయితే పనిచేస్తుంది, ట్రాన్స్‌లేటర్ ఉన్న ఊళ్లో ఇది చాలా హాయి.

ఎవరికి ఏది

రోజూ కారు నడిపేవాళ్లు, ఊళ్లో హెచ్‌డీ2 ఉన్నవాళ్లు: కారులో అదే, ఖర్చు సున్నా. ఇంటి కోసం అదే స్టేషన్ స్ట్రీమ్.

కారు మానేసి ఇంట్లోనే ఉండేవాళ్లు: ట్రాన్స్‌లేటర్ పడితే మామూలు రేడియో, పడకపోతే పిల్లలు అమర్చిపెట్టిన స్మార్ట్ స్పీకర్. ఇంట్లో వైఫై లేక, కారు పరీక్ష నెగ్గితేనే హెచ్‌డీ రేడియో కొనండి.

ఆర్నెల్లు కొడుకు దగ్గర, ఆర్నెల్లు కూతురి దగ్గర ఉండేవాళ్లు: స్ట్రీమ్ ఒక్కటే. ఊరు మారితే హెచ్‌డీ2 మారుతుంది, స్ట్రీమ్ మారదు. కేర్ హోమ్‌లో ఉన్నవాళ్లకు వైఫై పాస్‌వర్డ్ నెలనెలా మారే చోట స్ట్రీమ్ పెట్టొద్దు. అక్కడ ఎఫ్‌ఎం పడకపోతే పాటలు నింపిన పెన్ డ్రైవ్, దాన్ని పాడే చిన్న స్పీకర్ సుఖం.

ఇండియాకు తీసుకెళ్లే ముందు

సెలవులకు వెళ్తూ హెచ్‌డీ రేడియో బహుమతిగా పట్టుకెళ్లకండి. ఇండియాలో ఈ పద్ధతి లేదు, ఆకాశవాణి మీడియం వేవ్‌లో నడిపే డీఆర్ఎం అనే డిజిటల్ రేడియో వేరే పద్ధతి. మామూలు రేడియోగా వాడదామన్నా అడ్డంకులున్నాయి. అమెరికా రేడియోలు ఏఎంలో 10 కిలోహెర్ట్జ్ మెట్లలో కదులుతాయి, మన దగ్గర మెట్టు 9. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927 మీద 10 మెట్లున్న రేడియో సరిగ్గా ఆగదు. ఎఫ్‌ఎంలోనూ 0.2 మెట్లతో బేసి అంకెల మీదే ఆగే రేడియోకి హైదరాబాద్ వివిధ భారతి 102.8 చిక్కదు. మెట్టు మార్చే సెట్టింగ్ ఉన్న మోడల్ అయితే సరే. అడాప్టర్ మీద 100-240 వోల్టులని రాసి ఉండాలి. 120 అని మాత్రమే ఉంటే 230 వోల్టులకు కాలిపోతుంది.

ఇటు అమెరికా వచ్చిన తల్లిదండ్రులు తెలుగు పాత పాటలు అడిగితే, కొన్ని నగరాల్లో హెచ్‌డీ2 లాంటి సబ్‌ఛానళ్ల మీద దక్షిణాసియా భాషల కార్యక్రమాలు నడుస్తుంటాయి. మిగతా చోట్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి స్టేషన్లు ఉన్నాయి. సమయం లెక్క వేసి రాసి ఫ్రిజ్ మీద అంటించండి: ఇండియా పొద్దున ఏడింటి కార్యక్రమం న్యూయార్క్‌లో వేసవిలో ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు వస్తుంది.

హెచ్‌డీ2 మూగబోతే

సబ్‌ఛానల్ పాటల కంప్యూటర్ ఆగిపోతే స్టేషన్‌లో ఎవరూ గమనించకుండా రోజులు గడిచిపోవచ్చు, ఎందుకంటే ఆఫీసులో మోగేది మెయిన్ ఛానలే. శ్రోత చెబితేనే తెలుస్తుంది. స్టేషన్ వెబ్‌సైట్లో ఇంజినీర్ చిరునామా ఉంటే ఆయనకు, లేకపోతే ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు మెయిల్ పంపండి. తేదీ, సమయం, మీరున్న పేట, రేడియో మోడల్, హెచ్‌డీ గుర్తు వెలుగుతోందా, పాట పేరు కదులుతోందా, హెచ్‌డీ1 (మెయిన్ ఛానల్) వస్తోందా అన్నవి రాయండి. ఆ వివరాలను బట్టి పాటల కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టాలో, ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్లాలో ఇంజినీర్ తేల్చుకుంటారు. వారంలో జవాబు రాకపోతే, స్టేషన్ వెబ్‌సైట్ నుంచి కూడా ఆ ఛానల్ పేరు తీసేస్తే, ఆ ఛానల్‌ను వదులుకున్నారని అర్థం. కారులో ఆ ప్రీసెట్ మార్చేసి రెండో దారికి మళ్లండి.